ముప్ఫై ఎనిమిది మార్కుల చెయ్యి

ఉదయం 7:31.

నాలుగో అంతస్తులో ట్రైనింగ్ ల్యాబ్ తలుపు తీసిన ఆయా చేతిలోంచి బకెట్ జారిపోయింది. నీళ్ళు ఆమె కాళ్ళ మీదుగా గదిలోకి పారాయి. నాలుగడుగులు వెళ్ళాక ఎర్రబడ్డాయి.

ఆమె గోడ పట్టుకుని కిందకి జారి కూర్చుంది.

గది మధ్యలో ఆపరేషన్ టేబుల్. రోజూ దాని మీద రబ్బరు బొమ్మ ఉంటుంది. ఆ రోజు మనిషి ఉన్నాడు. ఛాతీకి, తొడలకి బెల్టులు బిగించి ఉన్నాయి. తల పక్కకి వాలి ఉంది. మెడ కుడివైపు చీలికలు పీలికలుగా ఉంది. అతని పైన సర్జరీ రోబో నాలుగు చేతులూ చాచి ఆగిపోయి ఉంది. ఒక చేతి చివర ఉన్న చిన్న వంపు కత్తెర నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

చనిపోయినాయన్ని ఆ ఆసుపత్రిలో అందరూ మార్కుల మాస్టారు అంటారు. ఆపరేషన్లు చెయ్యడం మానేసి ఏడేళ్ళయింది. అప్పటి నుంచి ఆయన పని ఒక్కటే. రోబోతో ఆపరేషన్ చేసే ప్రతి డాక్టర్ చేతికి మార్కులు వెయ్యడం. నూటికి డెబ్భై దాటితేనే మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యనిస్తారు. ఒక్క మార్కు తగ్గినా, మళ్ళీ రబ్బరు బొమ్మ దగ్గరికే.

7:58కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

పొట్టి మనిషి. నలభై రెండేళ్ళు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మడత పడవు. ఆరేళ్ళ క్రితం ఒక దొంగని పట్టుకోబోయి కత్తిని పట్టుకుంది. ఆమె వెనకే హెడ్ కానిస్టేబుల్ ఆయాసపడుతూ వచ్చాడు. ఆరడుగుల మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు.

టేబుల్ వంక చూసి హెడ్ మొహం తిప్పుకున్నాడు.

"మేడమ్, మిషనే కోసేసిందా ఈయన్ని?"

"మిషన్ బెల్టులు బిగించదు, హెడ్డు గారూ."

ఆమె వంగి మాస్టారి తల వెనక వేళ్ళు పెట్టి చూసింది. జుట్టు రక్తంతో అట్టకట్టి ఉంది. ఎముక లోపలికి నొక్కుకుపోయింది. చెత్తబుట్టలో గ్యాస్ సిలిండర్ విప్పే స్పానర్ దొరికింది. దానికి తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"వెనక నుంచి కొట్టారు. పడిపోయాక ఎత్తి టేబుల్ మీద వేశారు. కట్టారు. ఆ తర్వాత..." ఆమె పన్నెండడుగుల దూరంలో ఉన్న కన్సోల్ వైపు చూసింది. తల దూర్చి చూసే అద్దాలు, కింద రెండు చేతి పిడులు, కాళ్ళ దగ్గర పెడల్స్. "...అక్కడ కూర్చుని కోశారు."

"కొట్టి చంపేస్తే సరిపోయేదిగా? ఇంత తతంగం దేనికి?"

"అదే నాకూ అర్థం కావాలి."

వేలిముద్రలు లేవు. గ్లోవ్స్ లేని మనిషి ఆ బిల్డింగ్‌లోనే ఉండడు. సీసీ కెమెరా లిఫ్ట్ దగ్గర ఒక్కటే ఉంది. మెట్ల మీద లేదు. 6:50కి మాస్టారు లిఫ్ట్ దిగి ల్యాబ్‌లోకి వెళ్ళారు. ఆ తర్వాత ఆయా వచ్చేదాకా లిఫ్ట్‌లో ఎవరూ రాలేదు.

కానీ కన్సోల్‌కి తన సొంత జ్ఞాపకం ఉంది. ఎవరు లాగిన్ అయ్యారో, ఏ సెకనుకి ఏ చెయ్యి ఎంత దూరం కదిలిందో, అంతా రాసుకుంటుంది. రోబో ఇంజనీరు ఆ లాగ్ తెరిచాడు. ముప్ఫై ఏళ్ళవాడు, బక్కపలచగా ఉంటాడు. అందరూ అతన్ని స్క్రూ అని పిలుస్తారు.

"మొదలు 7:08. ఆఖరు 7:14. మొత్తం పంతొమ్మిది కోతలు, మేడమ్. పద్దెనిమిది పైపైన, అడ్డదిడ్డంగా పడ్డాయి. పంతొమ్మిదోది మెడలో పెద్ద రక్తనాళం మీద. ఆ తర్వాత కెమెరా అద్దం మీద రక్తం చిమ్మింది. ఇంకేం కనపడదు."

"లాగిన్ ఎవరిది?"

ఇంజనీరు స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు.

"చిన్న డాక్టర్ది."

"ఎవరా చిన్న డాక్టర్?"

"మాస్టారి కూతురు."

*

ఆమెను కింద అంతస్తు స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. తండ్రి చనిపోయాడని చెప్పి అప్పటికి గంటయింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"7:08కి ఎక్కడున్నారు?"

"ఒకటో అంతస్తు మెట్ల మీద."

"ఎవరైనా చూశారా?"

"లేదు. ఎవరూ చూడకూడదనే అక్కడ కూర్చున్నాను. ఏడుస్తున్నాను."

"ఎందుకు?"

"నిన్న సాయంత్రం నాన్న నన్ను మళ్ళీ ఫెయిల్ చేశారు. మూడోసారి. ముప్ఫై ఎనిమిది మార్కులు."

"గొడవ పడ్డారా?"

"అందరి ముందూ. 'కూతుర్ని కాబట్టే నన్ను తొక్కేస్తున్నావు' అన్నాను. ఇంకా..." ఆమె కిటికీ వైపు తిరిగింది. "'నువ్వు చస్తే గానీ నేను సర్జన్ని కాలేను' అన్నాను."

మూల నిలబడ్డ హెడ్ తల దించుకున్నాడు.

"మీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. అమ్మ పుట్టినరోజు అది. అయినా మేడమ్, దాంతో నాన్నని... ఆ మిషన్‌తోనే..." ఆమె లేచి గది మూలకి పరిగెత్తి వాంతి చేసుకుంది.

తలుపు తోసుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. యాభై రెండేళ్ళు. తెల్లకోటు, నున్నగా దువ్విన జుట్టు. వచ్చీ రాగానే ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు.

"ఊరుకో బుజ్జీ. నేనున్నాగా." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఈ పిల్లకి నేను మేనమామని. చనిపోయింది మా బావ. అక్కకి ఇంకా కబురు కూడా పెట్టలేదు. కాస్త మనుషుల్లా ప్రవర్తించండి."

ఆయన ఆ ఆసుపత్రి పెద్ద సర్జన్. రోబో సర్జరీలో ఆయన్ని మించిన చెయ్యి లేదని అందరి మాట. మాస్టారు బంధువని చూడకుండా వేసిన మార్కుల్లో ఆయనవే ఎక్కువ. తొంభై ఏడు.

"మీరు 7:08కి ఎక్కడున్నారు సార్?"

"రెండో అంతస్తు థియేటర్‌లో. ఏడున్నరకి కేసు ఉంది నాకు."

"మీ మేనకోడలు ఈ పని చేసుంటుందా?"

ఆయన మేనకోడలి వీపు నిమిరాడు.

"ఆవేశంలో ఏం చేస్తారో ఎవరు చెప్పగలరు? చిన్నపిల్ల. చట్టం కూడా అది చూడాలి."

పిల్ల తలెత్తి మావయ్య మొహంలోకి చూసింది.

*

11:10.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళింది. శవాన్ని తీసుకుపోయారు. నేల కడిగారు. గదిలో ఇనుము వాసన పోలేదు.

"ఈ కోతలకి మీ మిషన్ మార్కులు వేస్తే ఎన్ని వస్తాయి?" ఇంజనీర్ని అడిగింది.

"వేశాను మేడమ్. ముప్ఫై ఎనిమిది."

"ఆ అమ్మాయికి నిన్న వచ్చినవీ అంతే."

"అవును. అందుకే నాకు... ఏం అనాలో తెలీట్లేదు."

"మార్కులు దేనికి వేస్తారు?"

అతను ఒక షీటు తీసి చూపించాడు. కత్తెర మొన ఎంత దూరం తిరిగింది. కదలిక నునుపుగా ఉందా, కుదుపులు పడిందా. రెండు చేతులూ ఎన్నిసార్లు ఢీకొన్నాయి. ఎంతసేపు పట్టింది. ఒక్కోదానికి ఒక్కో కాలమ్. చివరి కాలమ్ దగ్గర మార్కుల గడి ఖాళీగా ఉంది.

"ఇదేంటి?"

"కెమెరా కదలికలు. మాస్టారు ఊరికే రాసుకునేవారు. దానికి మార్కులు లేవు."

"నేను కూర్చుని చూడొచ్చా?"

టేబుల్ మీద రబ్బరు పలక పెట్టారు. దాని మీద అయిదు రింగులు. ఒక పుల్ల మీద నుంచి తీసి ఇంకో పుల్లకి తగిలించాలి. ఇన్‌స్పెక్టర్ అద్దాల్లో తల దూర్చి, పిడులు పట్టుకుంది. మడత పడని వేళ్ళు అడ్డం వస్తున్నాయి.

"అరె! నా కుడిచెయ్యేది? ఇప్పటిదాకా ఇక్కడే ఉందిగా!"

"చూపులోంచి బయటికి పోయింది మేడమ్. పెడల్ తొక్కి కెమెరా జరపాలి."

"ఇదిగో, వచ్చింది. ఇప్పుడు ఎడమది పోయింది!"

హెడ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మూడు నిమిషాలకి రింగులు రెండు తగిలించింది. మూడు కింద పడేసింది.

"ఎన్నొచ్చాయి?"

"నలభై ఒకటి," అన్నాడు ఇంజనీరు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. చెమట తుడుచుకుంటూ స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయింది.

"మాస్టారికి శత్రువులున్నారా?"

"ఫెయిలైన వాళ్ళందరికీ కోపమే. కానీ..." అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పదకొండు వారాల క్రితం పెద్ద సర్జన్ గారి టేబుల్ మీద ఒక పేషెంట్ చనిపోయాడు. బస్సు డ్రైవరు. పొట్టలో పెద్ద రక్తనాళం తెగిపోయింది. మా ఆటో కుట్టు వల్లే అన్నారు."

"ఆటో కుట్టు అంటే?"

"డాక్టర్ చెయ్యి వదిలేస్తే రోబో తనంతట తనే కుట్టు వేసే ప్రోగ్రామ్. నాలుగేళ్ళ కష్టం. పెద్ద సర్జన్ గారి ఆపరేషన్లు రెండొందల పన్నెండు చూపించి నేర్పాం. ఆ రోజు అదే దారం గుంజేసిందని ఆయన రిపోర్ట్ ఇచ్చారు. ప్రోగ్రామ్ ఆపేశారు. ఆ డ్రైవరు భార్య లాబీలో నా చొక్కా పట్టుకుని ఊపేసింది. నేనేం మాట్లాడను?"

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

"మొన్న మాస్టారు ఆ రోజు రికార్డింగ్ అడిగారు. ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం నా భుజం తట్టి, 'నీ మిషన్ తప్పు చెయ్యలేదురా' అన్నారు. అంతే. ఇంకేం చెప్పలేదు."

*

1:40.

హెడ్ టీ తాగుదామని మూడో అంతస్తు కారిడార్‌లో వెళుతుంటే సర్వర్ రూమ్ లోపల ఏదో దబ్బున పడిన చప్పుడైంది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"ఎవరక్కడ?"

జవాబు లేదు. గురగురమని చప్పుడు. నీళ్ళు గొంతుకి అడ్డం పడ్డట్టు.

హెడ్ భుజంతో తలుపు గుద్దాడు. రెండో దెబ్బకి గడియ ఊడింది. ఇంజనీరు నేల మీద పడి ఉన్నాడు. మెడ చుట్టూ నల్ల కేబుల్ మాంసంలోకి దిగబడి ఉంది. మొహం నీలం. నుదురు ఇనప ర్యాక్ అంచుకి కొట్టి పగలగొట్టారు. ఎముక తెల్లగా కనిపిస్తోంది. అవతలి తలుపు ఇంకా ఊగుతోంది.

ఛేజ్ చెయ్యాలా, బతికించాలా? హెడ్ మోకాళ్ళ మీద కూలబడి కేబుల్ కిందకి వేళ్ళు దూర్చాడు. గోళ్ళు విరిగాయి. లాగాడు. ఇంజనీరు ఛాతీ ఒక్కసారి ఎగిరిపడింది. ఊపిరి ఈలలా లోపలికి పోయింది.

2:25కి అతనికి కట్టు కట్టారు. గొంతు నలిగిపోయింది, మాట రాదు. ఇన్‌స్పెక్టర్ కాగితం, పెన్ను ఇచ్చింది.

"ఎవరు?"

*చూడలేదు. వెనక నుంచి.*

"ఏం పోయింది?"

*పదకొండు వారాల కిందటి డిస్క్.*

"ఇంకో కాపీ?"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆలోచించాడు. రాశాడు.

*మాస్టారు మార్కులు వేసిన ప్రతి ఫైలూ ఆయన కంప్యూటర్‌లో దాచుకుంటారు.*

ఇన్‌స్పెక్టర్ కింద స్టాఫ్ రూమ్‌కి ఫోన్ చేసింది. చిన్న డాక్టర్ ఉదయం నుంచి గది దాటలేదని, తను ఎదురుగానే కూర్చున్నానని కాపలా ఉన్న మహిళా కానిస్టేబుల్ చెప్పింది.

"హెడ్డు గారూ, రెండో అంతస్తు థియేటర్ నర్స్‌ని ఒక్క ప్రశ్న అడిగి రండి. పెద్ద సర్జన్ ఎన్నింటికి వచ్చారో."

పది నిమిషాల్లో హెడ్ తిరిగొచ్చాడు.

"7:24కి వచ్చారట. ఏడింటికే వచ్చి తనతో మాట్లాడినట్టు చెప్పమన్నారట. 'మామూలుగా ఇంటి దగ్గరే స్నానం చేసి వస్తారు. ఇవాళ ఇక్కడ చేశారు. జుట్టు తడిగా ఉంది' అంటోంది."

ఇన్‌స్పెక్టర్ మాస్టారి గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. రెండు గంటలు కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. మధ్యలో ఒకసారి మాత్రం పైకే అంది.

"అమ్మ దొంగ చెయ్యీ!"

*

4:45. ట్రైనింగ్ ల్యాబ్.

పెద్ద సర్జన్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్న డాక్టర్ని కానిస్టేబుల్ తీసుకొచ్చింది. తలకీ మెడకీ కట్లతో ఇంజనీరు చక్రాల కుర్చీలో ఉన్నాడు. హెడ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కేసు తేలిపోయిందని విన్నాను," అన్నాడు పెద్ద సర్జన్. "లాగిన్ దొరికింది. మార్కులు దొరికాయి. ఇంకా ఈ పిల్లని ఎందుకు కాల్చుకు తింటున్నారు?"

"ఇంజనీరు మీద దాడి జరిగినప్పుడు ఈ అమ్మాయి మా కాపలాలో ఉంది సార్."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"మధ్యలో ఇంటికి పంపలేదా?"

"లేదు. మీరు పంపేశామనుకున్నారు."

"నేనేం అనుకుంటే ఏం? అది వేరే ఎవరో చేశారు."

"సరే. మూడు వీడియోలు చూపిస్తాను. చూశాక మాట్లాడుకుందాం."

ఇన్‌స్పెక్టర్ గోడ మీది పెద్ద స్క్రీన్ ఆన్ చేసింది.

"మొదటిది, నిన్న సాయంత్రం చిన్న డాక్టర్ చేసిన పరీక్ష. ముప్ఫై ఎనిమిది మార్కులు. కత్తెర ఎక్కడుందో చూడండి."

కత్తెర కుదుపుతూ వచ్చింది. సూది పట్టుకుంది. పక్కకి జరిగి స్క్రీన్ అంచు దాటి మాయమైంది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాయం.

"మూడు నిమిషాల్లో పద్నాలుగుసార్లు చూపు దాటి పోయింది. పొద్దున్న నేను కూర్చున్నప్పుడు నాకూ అంతే. ధ్యాసంతా చేతుల మీద ఉంటుంది. కెమెరా సంగతే గుర్తుండదు. చేతకాని వాళ్ళందరి లక్షణం అది."

"ఇది మాకు తెలీదా?" అన్నాడు పెద్ద సర్జన్.

"తెలుసు. కానీ ఇవాళ పొద్దున్న మర్చిపోయారు. రెండోది చూడండి. అమ్మాయ్, నువ్వు కళ్ళు మూసుకో."

చిన్న డాక్టర్ కళ్ళు మూసుకోలేదు.

తెర మీద తండ్రి మెడ. కత్తెర వణుకుతూ, దారి తప్పుతూ, చర్మాన్ని గీరుతూ పోయింది. రక్తం పూసలు పూసలుగా పైకి లేచింది. పిల్ల పిడికిళ్ళు బిగుసుకున్నాయి.

"కుదుపులున్నాయి. చేతులు ఢీకొన్నాయి. మార్కులు ముప్ఫై ఎనిమిది. కానీ ఆరు నిమిషాల్లో కత్తెర మొన ఒక్కసారి కూడా చూపు దాటలేదు. ఎప్పుడూ నట్టనడుమే ఉంది. చెయ్యి చేతకానట్టు నటించింది. కన్ను నటించలేకపోయింది. కెమెరా కాలమ్‌కి మార్కులు లేవు. అందుకే దాని గురించి నటించాలని ఆ మనిషికి తోచలేదు. మార్కులు చూసిన మాకూ తోచలేదు."

ఆమె వీడియో వెనక్కి తిప్పింది.

"ఇంకోటి. ప్రతి కోతకి ముందు కెమెరా కదిలింది. ఒకసారి దగ్గరికి. మళ్ళీ ఒక్క పిసరు వెనక్కి. అప్పుడు కోత. పంతొమ్మిదిసార్లూ అంతే."

"మంచి సర్జన్లు అందరూ అలాగే చేస్తారు."

"ఈ ఆసుపత్రిలో పదహారు మంది చేతులు చూశాను సార్. ఎవరూ చెయ్యరు." ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "మూడోది వీడియో కాదు. నిజం. నొక్కండి."

ఇంజనీరు బటన్ నొక్కాడు.

కన్సోల్ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. అయినా రోబో చేతులు లేచాయి. టేబుల్ మీది రబ్బరు పలక మీదకి వంగాయి. ఆటో కుట్టు మొదలైంది. కెమెరా దగ్గరికి వెళ్ళింది. ఒక్క పిసరు వెనక్కి వచ్చింది. సూది దిగింది. మళ్ళీ దగ్గరికి. మళ్ళీ పిసరు వెనక్కి. మళ్ళీ సూది.

"దీనికి ఇలా చెయ్యమని ఎవరూ ప్రత్యేకంగా రాయలేదు. గురువు చేసిందల్లా నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుంది?"

చిన్న డాక్టర్ పెదవులు కదిలాయి.

"మావయ్య దగ్గర."

పెద్ద సర్జన్ రోబో వంకే చూస్తున్నాడు. అది కుడుతూనే ఉంది.

"పదకొండు వారాల కిందటి ఫైలు కూడా చూశాను," అంది ఇన్‌స్పెక్టర్. "రక్తనాళం తెగడానికి తొమ్మిది సెకన్ల ముందే మీరు పెడల్ తొక్కి ఆటో ఆపేశారు. అప్పుడు ఉన్నది మీ చెయ్యే. తెంచింది మీరు. నింద మిషన్ మీద పెట్టారు. మాస్టారు కనిపెట్టారు. మీకు గడువిచ్చారు. అవునా?"

"ఇవాళ పొద్దున్న దాకా." ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది. "'నువ్వే చెప్పు, లేకపోతే నేను చెప్తాను' అన్నాడు. రెండు వేల ఆపరేషన్లు చేశాను. ఒక్కసారి చెయ్యి జారింది. ఒక్కసారి! బావ అయ్యుండి..."

మాట పూర్తి కాలేదు. ఆయన చెయ్యి ట్రాలీ మీదకి పోయింది. స్కాల్పెల్ మెరిసింది.

ఆయన తలుపు వైపు దూకాడు. హెడ్ అడ్డుకున్నాడు. కత్తి అతని చెవి నుంచి దవడ దాకా చీల్చింది. రక్తం కాలర్ మీదకి దిగింది. అయినా హెడ్ తలుపు వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి సర్జన్ మణికట్టు పట్టుకుంది. మడత పడని వేళ్ళు పట్టు తప్పాయి. ఆయన మోచేత్తో ఆమె మొహం మీద కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆమె వదల్లేదు. ఎడమ చేత్తో ఆయన నడుం చుట్టేసి కిందకి లాగింది. ఇద్దరూ ట్రాలీ మీద పడ్డారు. ట్రాలీ తలకిందులైంది. స్టీలు సామాను నేలంతా చెల్లాచెదురైంది.

ఒక అరుపు.

ఇన్‌స్పెక్టర్ దొర్లి లేచింది. పెద్ద సర్జన్ లేవలేదు. స్కాల్పెల్ ఆయన తొడ పైభాగంలో పిడి దాకా దిగి, పడ్డ ఊపుకి పక్కకి చీల్చుకుపోయింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం మూరెడెత్తు లేస్తోంది.

హెడ్ జేబురుమాలు అదిమాడు. క్షణంలో తడిసిపోయింది. "ఆగట్లేదు మేడమ్!"

ఆయన మొహం పాలిపోతోంది. ఇంకో రెండు నిమిషాలు. అంతకంటే ఉండదు.

చిన్న డాక్టర్ నిలబడిన చోటే ఉంది. తండ్రిని చంపిన మనిషి ఆమె కాళ్ళ దగ్గర ఉన్నాడు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెయ్యి తియ్యండి," అంది హెడ్‌తో.

గాయంలోకి రెండు వేళ్ళు పోనిచ్చింది. వేడిగా రక్తం మోచేతుల దాకా కారింది. తడిమింది. ఇంకా లోపలికి. తెగిన రక్తనాళం వేళ్ళ మధ్య ఎగిరెగిరి పడుతోంది. ఎముకకేసి నొక్కిపట్టింది. రక్తం ఆగింది.

"థియేటర్‌కి ఫోన్ చెయ్యండి. స్ట్రెచర్ పంపమనండి. నేను చెయ్యి తియ్యను."

ఇన్‌స్పెక్టర్ ముక్కు పట్టుకుని ఫోన్ దగ్గరికి పరిగెత్తింది.

పెద్ద సర్జన్ కళ్ళు తెరిచాడు. "వదిలెయ్ బుజ్జీ."

"కదలకు మావయ్యా."

"వదిలెయ్. నీకు పుణ్యముంటుంది."

"నా పాస్‌వర్డ్ నీకెలా తెలుసు?"

"మొదటి రోజు నేనేగా నీ పక్కన కూర్చున్నాను. అక్క పుట్టినరోజు పెట్టావు. చూసి నవ్వుకున్నాను."

"నా పేరే ఎందుకు?"

ఆయన పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"వయసులో ఉన్నావు. నిన్న అందరి ముందూ అరిచావు. ఆవేశంలో చేసిందని నాలుగేళ్ళో, అయిదేళ్ళో వేసి వదిలేస్తారు అనుకున్నా. నాకైతే అంతా పోతుంది."

చిన్న డాక్టర్ భుజాలు వణికాయి. వేళ్ళు వణకలేదు. స్ట్రెచర్ వచ్చింది. ఆమె దాని పక్కనే వంగి నడుస్తూ, లిఫ్ట్‌లోకి, రెండో అంతస్తు థియేటర్‌లోకి వెళ్ళింది. ఇంకో సర్జన్ వచ్చి రక్తనాళాన్ని క్లాంప్‌తో పట్టుకున్నాక, "ఇక తియ్యొచ్చు డాక్టర్" అన్నాక గానీ చెయ్యి తియ్యలేదు.

అప్పటికి పద్దెనిమిది నిమిషాలయింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. ముడుచుకోవడం లేదు.

*

6:05.

పెద్ద సర్జన్ బతుకుతాడని చెప్పారు. మంచానికి బేడీలు వేశారు. వాంగ్మూలం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. హెడ్ చెంపకి ఇరవై రెండు కుట్లు పడ్డాయి. "నయం. కుట్టింది మిషన్ కాదు, నర్సమ్మ," అని నవ్వబోయి, నొప్పికి మూలిగాడు.

చిన్న డాక్టర్ కారిడార్‌లో వాష్ బేసిన్ దగ్గర నిలబడి ఉంది. చేతులు ఎప్పుడో శుభ్రపడ్డాయి. అయినా నీళ్ళు కట్టెయ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి కుళాయి తిప్పి ఆపింది. ముక్కు మీద ప్లాస్టర్, కళ్ళ కింద నల్లగా వాపు.

"మీ అమ్మగారికి కబురు చెయ్యాలమ్మా. పొద్దుటి నుంచి మీ మావయ్య వద్దని ఆపాడు. మా వాళ్ళని పంపనా?"

"వద్దు."

"ఇది పోలీసుల నోటి నుంచి వింటేనే..."

"వద్దు మేడమ్. మొగుడు పోయాడని మీరు చెప్తారు. తమ్ముడే చంపాడని ఎవరు చెప్తారు? నేనే చెప్పాలి."

ఇన్‌స్పెక్టర్ తన ఫోన్ తీసి ఇచ్చింది. ఆ పిల్ల వేళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి రింగ్ అయింది.

"హలో? ఎవరండీ?" అవతల ఒక ఆడమనిషి గొంతు. వెనక ఎక్కడో కుక్కర్ కూస్తోంది.

"నేనేనమ్మా."

"ఏమే, ఎవరి ఫోన్ ఇది? పొద్దుటి నుంచి ఒక్కరూ ఫోన్ ఎత్తరు. మీ నాన్న ఎత్తడు, నీ మావయ్య ఎత్తడు. నీకూ నాన్నకీ మళ్ళీ గొడవైందా? చూడూ, రాత్రి నువ్వు పడుకున్నాక ఆయన ఎంత బాధపడ్డాడో..."

చిన్న డాక్టర్ గోడకి వీపు ఆనించింది. మెల్లగా నేల మీదకి జారి కూర్చుంది.

"అమ్మా, స్టవ్ కట్టేసి రా," అంది. "వచ్చి కూర్చో. నేను లైన్లోనే ఉంటాను."